సదర్లాండు సీమ

బ్రిటను దీవికి ఉత్తరపు కొనయందు, స్కాట్లండు దేశమున, సదర్లాండు అను సీమ కలదు. ఆ పేరునకు దక్షిణభూమి యని యర్థము. ఉత్తరపు కొననున్న నేలకు ఈ పేరెట్లు కలిగెను? పెట్టినవారు సముద్రము దాటి వచ్చిన నార్వే నావికులు. ఆర్క్నీ దీవులయందు స్థిరపడిన వారికి ఈ భూమి దక్షిణముగా నుండెను. కావున ఒక సీమ కథ వినునపుడు, చెప్పువాడు ఎచ్చట నిలిచి చెప్పుచున్నాడో ముందు విచారింపవలెను.

ఈ సీమ వైశాల్యము రమారమి 2,000 చదరపు మైళ్లు. పడమటను, ఉత్తరమునను, ఆగ్నేయమునను సముద్రము. నడుమ కొండలు, మడుగులు, చిత్తడినేలలు. వేలయేండ్లుగా నాచు మురిగి పేరుకొన్న నల్లమన్నును గడ్డలుగా కోసి, యెండబెట్టి, వంటచెఱకుగా వాడుట అచ్చటి వాడుక. 1951 జనాభా లెక్కయందు ఇచ్చటి జనము 14,000 లోపే; చదరపు మైలునకు ఏడుగురికి మించరు. నేల నిస్సారము గనుక జనము లేరని చూచినవారు తలంతురు. ఆ మాట సగమే సత్యము.

కొండల నడుమ స్ట్రాత్‌నేవరు, కిల్డోనను మున్నగు నదీలోయలు కలవు. అందు గేలికు భాష మాటలాడు రైతులు తరతరములుగా కాపురముండిరి. బార్లీ, ఓట్లు, ఉర్లగడ్డలు పండించుకొనుచు, వేసవియందు పసులను కొండబీళ్లకు తోలుచు, నల్లపసులను దక్షిణదేశపు బేరగాండ్రకు అమ్మి శిస్తు చెల్లించుచుండిరి. వారికి పట్టా లేదు. దొర యనుగ్రహమే వారి హక్కు.

సీమలో అధికభాగము ఎలిజబెత్తు దొరసానిది. ఆమె భర్త స్టాఫర్డు ప్రభువు మహాధనికుడు. ఆ దినములలో ఉన్నికి ధర హెచ్చెను. చెవియట్ జాతి గొఱ్ఱెల మందలకు లోయలను కౌలుకిచ్చినచో శిస్తు పెక్కు రెట్లు వచ్చునని ఎస్టేటు అధికారులు లెక్క వేసిరి. 1807 మొదలు 1821 వఱకు వేలకొలది కుటుంబములను లోయలనుండి తొలగించిరి. వెడలినవారు తిరిగి రాకుండుటకై ఇండ్ల దూలములను కాల్చిరి. చెట్లు కఱవైన ఆ సీమయందు దూలము పోయిన ఇల్లు మరల లేవదు. 1813లో కిల్డోనను వారు కొందఱు కెనడాలోని ఎఱ్ఱయేటి తీరమునకు వలసపోయిరి.

1814లో స్ట్రాత్‌నేవరును ఖాళీ చేయించిన పాట్రిక్ సెల్లరు ఎస్టేటు అధికారియే గాక, ఆ లోయలో గొఱ్ఱెల కౌలుదారుడును. అతని చర్యలవలన మరణములు కలిగినవని అభియోగము రాగా, 1816లో ఇన్వర్నెస్ న్యాయస్థానము నిర్దోషియని తీర్పు చెప్పెను. 1819లో అదే లోయలో తొలగింపులు మరింత పెద్దయెత్తున జరిగినవి.

ఎస్టేటువారి పక్షమును చెప్పవలెను. వారు బాటలు, వంతెనలు, రేవులు కట్టించిరి. లోయలలో తఱచు కఱవు వచ్చుచుండెననియు, సముద్రతీరమున చేపలు పట్టి బాగుపడుదురనియు వాదించిరి. కాని ప్రజలకు దొఱకినవి తీరమందలి రాతి చెక్కలు. అలవాటు లేని సముద్రమే వారికి వృత్తి యయ్యెను.

లెక్కలలో నొక వింత కలదు. 1801లో 23,000 పైచిలుకు జనము; 1851లో 25,000 పైచిలుకు. మొత్తమును మాత్రమే చూచినవాడు ఏమియు జరుగలేదనుకొనును. లోయలు పాడుపడి తీరము క్రిక్కిఱిసిన సంగతి ఆ యంకెలో కానరాదు. ఆ చిన్న చెక్కలు బిడ్డలకు చాలలేదు. తరువాతి నూఱేండ్లలో జనము దాదాపు సగమయ్యెను.

ఈ సంగతులు మఱుగుపడకుండుటకు కారకులు సామాన్యులు. రాస్సల్ గ్రామపు తాపీపనివాడు డోనల్డు మక్లియాడు 1840-41లో ఎడింబరో పత్రికకు లేఖలు వ్రాసెను. 1883లో నేపియరు ప్రభువు అధ్యక్షతను విచారణసంఘము బెటీహిల్ గ్రామమున కూర్చుండగా, బాల్యమున ఆ తొలగింపులను కన్న వృద్ధులు వాఙ్మూలమిచ్చిరి. ఆ సంఘము విచారణపై 1886లో శాసనము పుట్టెను. చిన్నరైతును ఊరక బేదఖలు చేయరాదు, శిస్తు న్యాయముగా నుండవలెను అని అది విధించెను. పోయిన లోయలు తిరిగి రాలేదు. ఉన్న చెక్కలు నిలిచినవి. 1993లో ఆ సీమలోని అసింటు రైతులు చందాలెత్తి రమారమి 21,000 ఎకరముల ఎస్టేటును తామే కొనిరి. 1975లో కౌంటీగా సదర్లాండు రద్దయినను, జనుల నోట ఆ పేరు నిలిచియున్నది. రాస్సల్ గోడల పునాదులు గడ్డిలో నేటికిని కనబడును.

పెద్దలారా, మన యూళ్ల పొలిమేరలయందును పాటిదిబ్బలు కలవు. అచ్చట నెవరుండిరో, ఏల వెడలిరో, ఎటు పోయిరో మీలో కొందఱు ఎఱుగుదురు. కఱవో, రోగమో, ఏటి వరదయో, దొర యాజ్ఞయో, కారణము సర్కారు లెక్కలలో నుండకపోవచ్చును. ఊరి పేరు, ఇంటిపేర్లు, బావుల గుఱుతులు, విన్న కారణము ఒక పుస్తకమున వ్రాయించి పాఠశాలయందో, గ్రంథాలయమందో భద్రపఱుపుడు. బెటీహిల్ వృద్ధులు నోరు విప్పుటకు దాదాపు డెబ్బదియేండ్లు కాచుకొనవలసి వచ్చెను. మనము అంతకాలము జాగు చేయ బనిలేదు.