గుంబజుల తోట, బావి చలవ

హైదరాబాద్‌లో బాగులకు, అంటే తోటలకు, కొదవ లేదు. బషీర్‌బాగ్, జాంబాగ్, బాగ్‌లింగంపల్లి... పేర్లు మిగిలాయి, చెట్లే పోయాయి. గోల్కొండ కోటకు కూతవేటు దూరంలోని ఇబ్రహీంబాగ్‌కూ ఆ గతే పట్టాల్సింది. కుతుబ్‌షాహీ సుల్తానుల సమాధులు ఉన్నది అక్కడే. ఊరి జనం వాటిని ‘సాత్ గుంబద్’ అంటారు, నిజానికి గుంబజులు ఏడు కంటే చాలా ఎక్కువే!

1687లో గోల్కొండ ఔరంగజేబు వశమయ్యాక ఈ చోటు ఆలనాపాలనా చూసేవాళ్లు కరువయ్యారు. చివరి సుల్తాను తానాషాకు మునుపటి సుల్తానుల పక్కన ఆరడుగుల నేల కూడా దక్కలేదు, ఆయన సమాధి ఖుల్దాబాద్‌లో ఉంది. నిజాముల కాలంలో ఒకసారి ప్రహరీ కట్టి తోట వేశారు. అదీ నిలవలేదు.

2013లో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు, రాష్ట్ర పురావస్తు శాఖతో కలిసి ఇక్కడి 106 ఎకరాల్లో పని మొదలుపెట్టింది. ఆ ఏడాది వానలకే ఇక్కడి పెద్ద మెట్లబావి బడీ బావ్లీ గోడ కుప్పకూలింది. నన్నడిగితే ఈ కథలో అసలు ఘట్టం ఇదే. గుంబజుకు సున్నం పూస్తే ఫొటో బాగా వస్తుంది, తోటకు మాత్రం నీళ్లు కావాలి. మన పాతవాళ్లు ఆ లెక్క తెలిసే సమాధుల నడుమ మెట్లబావులు తవ్వించారు. వాలు వెంట పారి వచ్చిన వాననీరు బావిలో చేరేది, ఆ నీటితోనే చెట్లు బతికేవి. పూడిక తీసి, కూలిన రాళ్లను ఏరి, సిమెంటు జోలికి పోకుండా సున్నంతో గోడ మళ్లీ లేపారు. బావి మళ్లీ నిండింది, ఆ నీళ్లే ఇప్పుడు మొక్కలకు. ఇక్కడి మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది.

స్వర్గాన్ని తోటగా ఊహించిన పారశీక సంప్రదాయంలో సమాధి చుట్టూ పచ్చదనం చనిపోయినవారి కోసం. ఇప్పుడు దాని అవసరం బతికున్నవాళ్లకే ఎక్కువ. టోలిచౌకి, గోల్కొండ గల్లీల్లో పిల్లాడు పరుగెత్తాలన్నా, ముసలాయన కాసేపు నీడన కూర్చోవాలన్నా జాగా ఏది?

ఈసారి వానాకాలంలో వెళ్లండి. గుంబజులు ఎటూ పోవు, ముందు బావి చూడండి.