ఏ.సి. గార్డ్స్

హైదరాబాద్‌లో మాసాబ్ ట్యాంక్ పక్కనున్న పేట. బస్సెక్కి పేరు చెప్పేవాళ్లలో చాలామందికి ఆ రెండక్షరాల పూర్తి రూపం తెలియదు: ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అంటే నిజాం కొలువులోని ఆఫ్రికా ఆశ్వికదళం. సిద్దీలనీ హబ్షీలనీ పిలిచే ఈ రౌతుల దళాన్ని మొదట కూర్చింది 19వ శతాబ్దంలో వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు. తర్వాత అది నిజాం చేతికి వచ్చింది. 1948 పోలీసు చర్య తరువాత దళం రద్దయింది. గుర్రాలు పోయాయి, కుటుంబాలు అక్కడే ఉండిపోయాయి.

వీరి చరిత్ర రాతల్లో కన్నా మర్ఫా వాద్యంలోనే ఎక్కువ నిలిచిందనాలి. చర్మం బిగిసేలా డఫ్‌లకు సెగ చూపిస్తారు, లోహపు బిందెపై చెక్క తాపీలతో దరువు వేస్తారు. హైదరాబాద్ పెళ్లి బరాత్‌కు మర్ఫా లేకపోతే వెలితే.

ఇలాంటి చరిత్ర ఉన్న చోటును అధికారికంగా గుర్తించడమూ ఉంది: అమెరికాలో బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివారు 1877లో కాన్సాస్ మైదానాల్లో కట్టుకున్న నికోడెమస్ ఊరిని 1996లో జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. ఏ.సి. గార్డ్స్‌లో చోటును గుర్తుచేసే ఆ పని ప్రధానంగా పేట పేరే చేస్తోంది, అదీ పొడి అక్షరాల్లో.