గవర్నరుగారి అధికారాలు

గవర్నరు అనగానే మీకు రాజ్‌భవనం గుర్తొస్తుందేమో. నాకు మాత్రం ఆయిలింజను గుర్తొస్తుంది. చిన్నప్పుడు మా ఊరి ధాన్యం మిల్లులో ఒకటుండేది. గింజలు ఒక్కసారిగా ఎక్కువ పడితే పాపం మూలిగేది. ఎవరూ ముట్టుకోకుండానే మరుక్షణం కాస్త నూనె ఎక్కువ తాగి మళ్ళీ సర్దుకునేది. "అది గవర్నరు చేసే పనండీ" అనేవాడు మిల్లు మేస్త్రీ, అదేదో తన తమ్ముడైనట్టు.

జేమ్స్ వాట్ తన ఆవిరియంత్రానికి ఈ ఏర్పాటు తగిలించింది 1788లో. రెండు ఇనప గుళ్ళు గిర్రున తిరుగుతుంటాయి. వేగం హెచ్చితే పైకి లేచి ఆవిరి దారి కొంచెం మూస్తాయి; తగ్గితే కిందికి దిగి తెరుస్తాయి. పిండిమరల్లో అప్పటికే ఉన్న ఉపాయమే అది. అయితే ఒక్కోసారి ఈ గుళ్ళు అతి చేసేవి. వేగం సర్దబోయి ఓసారి ఎక్కువ, ఓసారి తక్కువ చేసి ఊగిసలాడేవి. ఆ ఊగిసలాట ఎందుకొస్తుందో లెక్కగట్టి 1868లో మాక్స్‌వెల్ ఓ వ్యాసమే రాశాడు. దాని పేరు కూడా 'గవర్నర్ల గురించి' అనే.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? ఈ మధ్య నా లాప్‌టాప్ మూలిగింది. అందులోనూ ఓ గవర్నరుగారు ఉన్నారని అప్పుడే తెలిసింది.

పాత సరుకు అమ్మే ఓ కుర్రాడి దగ్గర కొన్నదది. మా మేనల్లుడు అందులో లినక్స్ వేసిపెట్టాడు. ఆరునెలలు గుర్రంలా పరుగెత్తింది. మధ్యలో ఓసారి దుమ్ము దులపమని ఆ కుర్రాడికే ఇచ్చి తెచ్చుకున్నాను. ఆ తర్వాత కొన్నాళ్ళకి నత్తనడక పట్టింది. అక్షరం కొడితే అది తెరమీదికి వచ్చేలోగా నేను కళ్ళజోడు తుడుచుకోవచ్చు. బ్యాటరీ కూడా నలభై శాతం దగ్గర ఆగిపోయి ఇక ఎక్కనంది. ముసలిదైపోయింది పాపం అనుకున్నాను. కాని వేగం చూపించే చోట చూస్తే 800 మెగాహెర్ట్‌జ్! కొన్నప్పుడు ఇదే 2600 పరుగెత్తింది. నాకు అర్థమైపోయింది. దుమ్ము దులిపే మిషతో లోపలి చిప్ మార్చేశాడన్నమాట. దుకాణానికి వెళ్ళి, నలుగురు ఉండగా, ఆ మాట అనేశాను కూడా. కుర్రాడి మొహం ఎర్రబడింది. "ఛార్జరు తెచ్చారా మాస్టారూ?" అన్నాడు. మాట దాటేస్తున్నాడనుకుని విసవిసా వచ్చేశాను.

ఆ రాత్రి మేనల్లుడికి ఫోన్ చేస్తే, "ముందు గవర్నరు ఎవరో చూడు మామయ్యా" అన్నాడు.

ప్రాసెసరు ఎంత వేగంతో నడవాలో కొలిచి చెప్పే అధికారికే లినక్స్‌లో ఆ పేరు. ఆ ఉద్యోగం ఎలా పుట్టిందో వాడు చెప్పాడు. మిగతాది నేను చదువుకున్నాను. చిప్ తాగే కరెంటు, దానికిచ్చే ఓల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఓల్టేజి తగ్గించాలంటే వేగమూ తగ్గించాలి. కనక పనంతా గబగబా చేసి కూచోవడం కన్నా నింపాదిగా చేయడమే చవక అని 1994లో జెరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో మార్క్ వైజర్, ఆయన సహచరులు చెప్పారు. మన ఇళ్ళల్లో సన్నసెగమీద పప్పు ఉడికించే వాళ్ళకిది కొత్తగా తోచదు. 2000లో ఇంటెల్ వారు స్పీడ్‌స్టెప్ అని తెచ్చారు. గోడకి తగిలించి ఉంటే 650, బ్యాటరీమీదయితే 500. రెండే గేర్లు. అదే నెలలో ట్రాన్స్‌మెటా అనే కంపెనీ ఇంకా సన్నగా మెట్లు మార్చే చిప్ చూపించింది. లినక్స్ పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్ అప్పుడు అక్కడే ఉద్యోగి.

వేగం మారడం మొదలయ్యాక కెర్నల్‌కి వింత కష్టం వచ్చింది. మెషిను లేవగానే అది తన వేగం ఒకసారి కొలుచుకుని, ఇన్ని చుట్లు తిరిగితే ఇంత సమయం అని లెక్క పెట్టుకునేది. బ్యాటరీమీద లేపి తర్వాత గోడకి తగిలిస్తే చుట్లు తొందరగా అయిపోయేవి, గడియారమే తప్పేది. ఊపిరి లెక్కపెట్టి టైము చెప్పేవాణ్ణి పరుగెత్తించినట్టు! అందుకని వేగం మారినప్పుడల్లా అందరికీ కబురు పంపే శాఖ ఒకటి కావలసొచ్చింది. దాని పేరు సిపియుఫ్రెక్. ఆ ఫైలు నెత్తిన 2001లో రస్సెల్ కింగ్, 2002-03లో డొమినిక్ బ్రొడోవ్‌స్కీ అని పేర్లుంటాయి. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నల్‌తో అది ఊరంతటికీ చేరింది.

మొదటి గవర్నర్లు మొండివాళ్ళు. ఒకరు ఎప్పుడూ గరిష్ఠం, ఒకరు ఎప్పుడూ కనిష్ఠం. 2004లో వెంకటేశ్ పల్లిపాడి మొదలైనవాళ్ళు 'ఆన్‌డిమాండ్' తెచ్చారు. ఉన్న సమయంలో 80 శాతం పనిలోనే పోతోందంటే ఏకంగా పైమెట్టుకి ఎక్కించడం, తీరిక దొరికితే దించడం దాని పద్ధతి. వాట్ గుళ్ళలాంటిదే. మరీ దూకుడు ఎందుకని మెట్టు మెట్టు ఎక్కే 'కన్సర్వేటివ్' వచ్చింది. 2016లో, పనులు పంచే షెడ్యూలరునే నేరుగా అడిగి తెలుసుకునే 'షెడ్‌యుటిల్' వచ్చింది. ఈలోగా చిప్‌లే తెలివిమీరాయి. కొత్త చిప్‌లు కెర్నల్ సలహా విని, చివరి నిర్ణయం తామే తీసుకుంటాయి. రాజ్‌భవనం పోలిక ఇక్కడ కాస్త కుదురుతుంది గాని, వదిలేద్దాం.

నా లాప్‌టాప్‌లో మేనల్లుడు చెప్పినట్టల్లా చూశాను. గవర్నరు మంచివాడే. గరిష్ఠ పరిమితి 2600 అనే ఉంది. కెర్నల్ 2600 అడుగుతోంది, చిప్ 800 దాటడం లేదు. వేడెక్కిందేమో అంటే, చెయ్యి పెడితే చల్లగా ఉంది.

"ఛార్జరు పీకెయ్ మామయ్యా" అన్నాడు వాడు.

పీకాను. అంకె చటుక్కున 2600కి ఎగిరింది. మళ్ళీ గుచ్చాను. 800. గోడకి తగిలిస్తే నడక, వదిలేస్తే పరుగు! 2000 నాటి స్పీడ్‌స్టెప్‌ని తలకిందులు చేసినట్టుంది.

సంగతేమిటంటే, ఈ రకం ఛార్జరు పిన్ను మధ్యలో సన్నటి తీగ ఒకటి ఉంటుంది. 'నేను ఇన్ని వాట్లు ఇవ్వగలను' అని మెషినుకి చెప్పేది అదే. ఆ మాట వినపడకపోతే మెషిను దాన్ని బలహీనుడని నమ్మి, బ్యాటరీ ఎక్కించడం మానేసి, చిప్‌కి మెల్లగా నడవమని సైగ చేస్తుంది. ఆ సైగ కెర్నల్ పైనుంచి కాదు, కిందనుంచి పోతుంది. గవర్నరుగారికి కనీసం కాగితం కూడా రాదు.

అసలు ఛార్జరు తీగ నా కుర్చీ కాలికింద నలిగి తెగితే, ఆ దుకాణంలో కాదు, బజారులో పేవ్‌మెంటు మీద సగం ధరకి ఒకటి కొన్నది నేనే. మర్చేపోయాను.

మర్నాడు పొద్దున్నే దుకాణం తీయకముందే వెళ్ళి మెట్లమీద నుంచున్నాను. కుర్రాడు షట్టరు ఎత్తి, నన్ను చూసి, ఏమీ అనకుండా లోపలికెళ్ళాడు. సొరుగులోంచి అసలు ఛార్జరు ఒకటి తీసి నా మెషినుకి గుచ్చి, అంకె చూశాడు.

"నాకు తప్పు తోచింది బాబూ. మొన్న నలుగురిలో అన్నాను, ఇవాళ ఎవరూ లేరు" అన్నాను.

"ఇంకో గంటలో వస్తారండీ. కూచోండి, టీ చెప్తాను" అన్నాడు.

కూచున్నాను.