రేచీకటి

రేయి, చీకటి: రెండు అచ్చతెలుగు మాటలు కలిసి ఒక జబ్బు పేరయ్యాయి. ‘రేరాజు’లోని ‘రే’నే ఇక్కడా ఉంది. సంస్కృతం దీన్ని నక్తాంధ్యం అంటుంది, కన్నడం ఇరుళుకురుడు, హిందీ రతౌంధీ. మూడింటిలోనూ గుడ్డితనం ఉంది, మన మాటలో లేదు. ‘ఆయనకు రేచీకటి’ అంటాం, జ్వరమో జలుబో అన్నట్టు. అందరికీ వచ్చే రాత్రే ఆయనకు మరీ చిక్కగా వస్తుందన్నమాట. ఇంత మర్యాద ఉన్న జబ్బు పేరు అరుదు. గ్రీకు మూలపు ‘నిక్టలోపియా’కు అర్థంలో నిలకడ కూడా లేదు. ఇంగ్లీషు వైద్యంలో దానికి రాత్రి కనిపించకపోవడమని అర్థం, ఫ్రెంచివాళ్ళు మాత్రం రాత్రిపూట చూడగలిగేవాణ్ణి ‘నిక్టలోప్’ అంటారు.

ఇంత విశాలమైన మాటను బడి పాఠం ఇరుకు చేసింది. రేచీకటి అనగానే ‘విటమిన్ ఏ లోపం’ అని అప్పజెప్పడం అలవాటైపోయింది. సందెవేళ పిల్లవాడు గడప తన్నుకుని పడితే, ఆకుకూరలు పెట్టడం లేదా అని తల్లిని నిలదీస్తారు. లోపం నిజమైనప్పుడు ఆ ప్రశ్న సబబే. విటమిన్ ఇస్తే చూపు త్వరగానే తేరుకుంటుంది. తేరుకోనప్పుడు? తప్పు జన్యువులో ఉండొచ్చు.

ఒకటో క్రోమోజోము మీద ఆర్‌పీఈ65 అనే జన్యువు ఉంది. వెలుగు తగలగానే కంటిలో విటమిన్ ఏ నుంచి పుట్టిన అణువు వంపు పోయి సాగుతుంది. దానికి మళ్ళీ వంపు తెచ్చే ఎంజైము ఈ జన్యువు చేయించేదే. ఆ సంగతి 2005లో తేలింది. అమ్మ నుంచీ నాన్న నుంచీ వచ్చిన రెండు ప్రతులూ చెడితే, ఒంట్లో విటమిన్ ఏ నిండుగా ఉన్నా కంటికి పనికొచ్చే రూపంలోకి మారదు. 1869లో కంటివైద్యుడు థియోడోర్ లేబర్ వర్ణించిన పుట్టుకతో వచ్చే చూపులోపంలో ఒక రకానికి మూలం ఇదే. ఆ జబ్బు పేరు ‘లేబర్ కంజెనిటల్ అమరోసిస్’. చివరనున్న ‘అమరోసిస్’ మసకబారడమనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది, మన చీకటికి దగ్గరి చుట్టమే. మేనరికాలున్న మన ఇళ్ళలో చెడిన ప్రతులు రెండూ ఒకే బిడ్డకు చేరే అవకాశం పెరుగుతుంది. అందులో తల్లి వండిన కూర తప్పేమీ లేదు.

పాఠం రాసేవాళ్ళను అడిగేది ఒక్కటే: ‘విటమిన్ ఏ లోపం రేచీకటికి ఒక కారణం’ అని రాయండి. ఆ ‘ఒక’ లేకపోతే నష్టపోయేది బిడ్డ. మంచి ప్రతిని వైరస్ ద్వారా రెటీనా కిందికి చేర్చే లక్స్‌టర్నా చికిత్సకు 2017 డిసెంబరులో అమెరికా అనుమతి ఇచ్చింది. రెటీనాలో బతికున్న కణాలు తగినన్ని మిగిలినవాళ్ళకే అది పనికొస్తుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ కణాలు తరిగిపోతుంటాయి.