వస్తుసంచయ రుగ్మత

వస్తుసంచయ రుగ్మత అనగా విలువతో నిమిత్తం లేకుండా వస్తువులను పోగుచేసుకొని, వాటిని పారవేయలేకపోవుట ప్రధాన లక్షణముగా గల మానసిక రుగ్మత. దీనిని ఆంగ్లంలో హోర్డింగ్ డిజార్డర్ అంటారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో ప్రచురించిన డి.ఎస్.ఎం.-5 గ్రంథంలో దీనిని ప్రత్యేక రుగ్మతగా చేర్చారు.

లక్షణాలు
పాత వార్తాపత్రికలు, బట్టలు, డబ్బాలు గదుల నిండా పేరుకొని, పొయ్యి, మంచం కూడా వాడుకొనుటకు వీలుండదు. పారవేయవలసి వచ్చినపుడు రోగికి తీవ్రమైన ఆందోళన కలుగుతుంది. జారిపడుట, అగ్నిప్రమాదము వంటి అపాయాలు పొంచి ఉంటాయి. తపాలా బిళ్ళలు, నాణేలు మొదలైన వాటిని క్రమపద్ధతిలో సేకరించుట ఈ రుగ్మత కాదు.

ఉదాహరణ
న్యూయార్క్ నగరంలోని హార్లెంలో నివసించిన కాలియర్ సోదరులు 1947లో తమ ఇంటిలోనే మరణించారు. లాంగ్లీ సామాను మీదపడి మరణించగా, అతనిపై ఆధారపడిన అంధుడైన అన్న హోమర్ ఆహారం లేక కన్నుమూశాడు. ఆ ఇంటినుండి 100 టన్నులకు పైగా సామాను తొలగించారు.

చికిత్స
కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ ముఖ్యమైన చికిత్స. ఇందులో ఉంచవలసినవి, ఇతరులకు ఇవ్వవలసినవి, పారవేయవలసినవి రోగి స్వయంగా, కొద్దికొద్దిగా వేరుచేయుట నేర్చుకుంటాడు. రోగి సమ్మతి లేకుండా బంధువులు ఇల్లు ఖాళీ చేసినచో ఆవేదన పెరుగుతుంది. మూలకారణం తొలగనందున వస్తువులు తిరిగి పేరుకుంటాయి.

ఇవి కూడా చూడండి
* మానసిక ఆరోగ్యం
* ఆందోళన