ఒంటరితనము – మానవజాతి చరిత్ర

మానవుడు సంఘజీవి యని బాల్యమున మనమందరమును వల్లించినవారమే. దానిని నీతివాక్యముగా నేర్చితిమి గాని, అది మన జాతి చరిత్ర యని అప్పుడు మన కెవ్వరును చెప్పలేదు.

పులికి గోళ్లు గలవు. లేడికి పరుగు గలదు. మానవునకు రెండును కొరతయే. వాని శిశువు ఏడాది నిండిన గాని సరిగా నడువజాలదు. పదేండ్లు నిండినను తనంత తాను బ్రదుకజాలదు. అట్టి బిడ్డను తల్లి యొక్కతె పెంచుట దుర్ఘటము. అవ్వలు, పినతల్లులు, ఇరుగుపొరుగువారు చేయి వేయవలసినదే. గుంపును వీడి తిరిగినవాడు మృగములకు ఆహారమయ్యెను. విడువనివారి సంతతి నిలిచెను. తోడు తప్పినచో కలవరపడు స్వభావము మనకు వారినుండి సంక్రమించినదే.

జార్జియా దేశమున ద్మనీసి యనుచోట సుమారు 17,70,000 ఏండ్ల నాటి ముదుసలి పుఱ్ఱె యొకటి లభించెను. ఒక్కటి తప్ప పండ్లన్నియు మరణమునకు చాల ముందే యూడిపోయినవి. మెత్తని యాహారమును ఇతరులు సమకూర్చి యుందురని కొందరు పండితు లూహించిరి. తానే రాతితో దంచుకొని తినియుండవచ్చునని మరికొందరి వాదము. ఇరాకులోని షానిదార్ గుహలో 1957లో రాల్ఫ్ సోలెక్కీ బయల్పఱచిన నియాండర్తల్ మానవుని విషయమున సందేహము తక్కువ. వానికి కుడి ముంజేయి లేదు; ఎడమకంటివైపు దెబ్బ తగిలి చూపు పోయి యుండును; చెవుడును ఉండెనని 2017లో పండితులు తెల్పిరి. అయినను నలువదేండ్ల ప్రాయము వఱకు బ్రదికెను. వేటాడలేనివానికి కూడు పెట్టినవారు ఉండియే యుందురు.

షికాగో విశ్వవిద్యాలయ పండితుడు జాన్ కాసియోపో (1951–2018) ఒంటరితనమును ఆకలిదప్పులతో పోల్చెను. ఆకలి యన్నమును అడుగునట్లు, ఒంటరితనము తోడును అడుగును. 2010లో ప్రకటింపబడిన యొక పరిశీలనయందు 148 అధ్యయనములలోని 3,08,849 మంది వివరములను కూర్చి చూడగా, గట్టి బాంధవ్యములు గలవారు జీవించియుండు అవకాశము 50 శాతము అధికమని తేలెను. ఇది కోరి చేకొన్న ఏకాంతము మాట కాదు. యోగికి ఏకాంతము సుఖమే. పదిమంది నడుమ నున్నను పలుకరించువారు లేకుండుట వేఱు.

ఈ సత్యమును మన షోలాపురపు పెద్దలు పుస్తకములు చూడకయే యెఱిగిరి. తెలంగాణమునుండి మగ్గమును నమ్ముకొని వచ్చిన పద్మశాలీలు ఇండ్లు కట్టుకొనుటతో తృప్తిపడక, మార్కండేయుని గుడిచుట్టును కూడిరి. శ్రావణ పూర్ణిమనాటి మార్కండేయ రథోత్సవము నేటికిని జరుగుచున్నది. పడుగు ఎంత పొడవున్నను, పేక కలియక గుడ్డ కాదని సాలెవారికి ఒకరు చెప్పవలెనా?

ఇప్పుడు పిల్లలు పూనాకును, హైదరాబాదునకును, అమెరికాకును పోవుచున్నారు. ఇంట తెలుగు మాటాడువారు లేని వృద్ధులు మన పేటలలో గలరు. పది గంటల వేళ పోవలసిన చోటు లేకుండుట యెట్టిదో కచేరీ విడిచిన మావంటి గుమాస్తాలకును తెలియును. కావున సంఘమువారికి మా విన్నపమొకటి. సభకు రాలేనివారి పట్టిక నొకటి వ్రాసియుంచి, వారమున కొకసారి యెవరైనను వారి గడప త్రొక్కవలెను. దీనికి చందా అక్కఱలేదు. షానిదార్ గుహలో ఆ వికలాంగు నాదుకొన్నవారును చందాలు వసూలు చేసియుండరు.