విశ్రాంతి సంగీతం – ఎంపిక (సైబరాబాద్ ఐటీ కారిడార్)

విశ్రాంతి సంగీతం: మనసును మగతకు, శరీరాన్ని లోతైన సడలింపుకు చేర్చేందుకు ఎంచుకునే సంగీతం. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభంతో రూపుదిద్దుకున్న హైటెక్ సిటీలో, అమెరికా వేళలకు పనిచేసి తెల్లవారుజామున నడుం వాల్చే ఉద్యోగులకు ఇది అక్కరకొచ్చే విషయం. నిద్రకు నీలాంబరి అన్నది కర్ణాటక సంగీతంలో పాత నమ్మకం. కనుక చాలామంది రాగం పేరు చూసి ఎంచుకుంటారు. నిజానికి ముందు చూడవలసింది నడక, అంటే లయ వేగం. 2006లో వెలువడిన పరిశోధకుడు బెర్నార్డి బృందం అధ్యయనంలో 24 మంది శ్వాస, గుండె వేగాలు సంగీత శైలి కన్నా లయ వేగాన్నే అనుసరించాయి. మధ్యలో ఉంచిన 2 నిమిషాల నిశ్శబ్దంలో సడలింపు మరింత కనిపించింది.

బోనాల్లో డప్పు దరువు హెచ్చేకొద్దీ పూనకం వస్తుంది కదా అని అడగవచ్చు. ఆ పూనకం ఉద్రేకం, సడలింపు కాదు. పైగా వాయిద్యం ఒక్కటే పూనకం తెప్పించదని, నమ్మకం, సందర్భం తోడవ్వాలని ఫ్రెంచ్ పరిశోధకుడు జిల్బేర్ రూజే 1980లో వాదించారు. ఇష్టమైన సినిమా పాటే హాయి అన్న అభ్యంతరంలో కొంత నిజముంది. పరిచయం కుదుట పరుస్తుంది. కానీ తెలిసిన సాహిత్యం మనసును మాటల వెంట లాక్కుపోతుంది. అందుకే మృదంగం లేని వీణ లేదా వేణువు ఆలాపన, వెనక తంబురా శ్రుతి, తక్కువ శబ్దం, నడుమ విరామం మేలు. కారు నడిపేటప్పుడు మాత్రం ఇది వినకూడదు.